బ్రేకు లైటు తీగతో ట్రైలర్ ఆగదు

ప్రశ్న: నా దగ్గర పాత సరుకుల వ్యాను ఉంది. వెనుక ట్రైలర్ తగిలించే హిచ్ ఉంది కానీ కరెంటు సాకెట్ లేదు. ఈ మధ్య రెండు ఇరుసుల ట్రైలర్ కొన్నాను. దాని నాలుగు చక్రాలకూ ఎలక్ట్రిక్ బ్రేకులు ఉన్నాయని అమ్మినవారు చెప్పారు. ముందు లైట్ల పని చూద్దామని వ్యాను వెనుక దీపాల తీగలకే జాయింటు క్లిప్పులు నొక్కి ట్రైలర్ తీగలు కలిపాను. పగలు బాగానే పనిచేస్తున్నాయి. రాత్రి లైట్లు వేసి కుడి ఇండికేటర్ వేస్తే మాత్రం ఎడమవైపు దీపం కూడా దాంతోపాటే మసకబారుతూ వెలుగుతోంది. ఇక బ్రేకులకు వెళ్ళే నీలం తీగ ఒక్కటి మిగిలింది. దాన్ని వ్యాను బ్రేకు లైటు తీగకు కలిపేస్తే పెడల్ తొక్కగానే ట్రైలర్ బ్రేకులు కూడా పడతాయి కదా? మధ్యలో కంట్రోలర్ అనే పెట్టె నిజంగా అవసరమా?

సమాధానం: అవసరమే. నీలం తీగను బ్రేకు లైటు తీగకు కలపకండి. ఈ ఉత్తరం రాశాక ఆగలేక కలిపేసి ఉంటే, ట్రైలర్ తగిలించకముందే విప్పేయండి. కారణం వివరంగా చెబుతాను. అది అర్థమైతే వైరింగులో మిగతా నిర్ణయాలు మీరే తీసుకోగలరు.

ఎలక్ట్రిక్ బ్రేకు డ్రమ్ములో ఒక విద్యుదయస్కాంతం ఉంటుంది. కరెంటు అందగానే అది తిరుగుతున్న డ్రమ్ము లోపలి ముఖానికి అతుక్కుంటుంది. డ్రమ్ము తనతోపాటు దాన్ని కొంచెం లాక్కుపోతుంది, ఆ లాగుడుకు ఒక లీవరు కదిలి బ్రేకు షూలను డ్రమ్ముకు నొక్కుతుంది. అంటే షూలు ఎంత గట్టిగా పడతాయన్నది అయస్కాంతానికి ఎంత కరెంటు అందిందన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది. సాధారణ పరిమాణం డ్రమ్ముల్లో ఒక్కో అయస్కాంతం నిండు వోల్టేజి దగ్గర 3 నుంచి 4 ఆంపియర్ల దాకా తీసుకుంటుంది. మీ నాలుగు చక్రాలకు కలిపి 12 నుంచి 15 ఆంపియర్లు.

ఇప్పుడు బ్రేకు లైటు సంగతి చూడండి. 21 వాట్ల బల్బు ఒకటి 1.75 ఆంపియర్లు తీసుకుంటుంది. వ్యానుకు అలాంటివి రెండో మూడో ఉంటాయి. తీగ మందం, పెడల్ దగ్గర స్విచ్చు, ఫ్యూజు అన్నీ ఆ లెక్కకు పెట్టినవే. ట్రైలర్ బ్రేకు లైట్లు తగిలించి ఇప్పటికే దాని మీద భారం పెంచారు. పైన మరో 15 ఆంపియర్లు మోపితే ఫ్యూజు పోతుంది. అది పోయేది కూడా మీరు పెడల్ తొక్కిన క్షణంలోనే. ట్రైలర్ బ్రేకులు పోవడమే కాక, మీరు ఆగుతున్నారని వెనుకవారికి చెప్పే దీపాలూ ఆరిపోతాయి. పోతోంది కదా అని పెద్ద ఫ్యూజు వేస్తే ఈసారి తీగే కాలుతుంది.

ఇక్కడ కొందరు రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు, పెట్టమంటారు. బ్రేకు లైటు తీగ రిలేను మాత్రమే కదిలిస్తుంది, అసలు కరెంటు బ్యాటరీ నుంచి వస్తుంది కాబట్టి ఫ్యూజు బాధ తప్పుతుందన్నది వారి వాదన. ఫ్యూజు బాధ తప్పేమాట నిజమే. కానీ మిగిలేది ఇంకా ప్రమాదకరమైనది. రిలేకు ఉన్నది రెండే స్థితులు, పూర్తిగా ఇవ్వడం లేదా పూర్తిగా ఆపడం. మీరు పెడల్ మీద పాదం ఆనిస్తే చాలు, ట్రైలర్ చక్రాలకు నిండు బ్రేకు పడుతుంది. ఖాళీ ట్రైలర్ అయితే చక్రాలు అక్కడికక్కడే బిగుసుకుని టైర్లు జారతాయి. బిగుసుకున్న చక్రానికి దిశ పట్టు ఉండదు. తడి రోడ్డు మీద ట్రైలర్ పక్కకు ఊగి, వ్యాను తోకను కూడా తనతో లాక్కుపోతుంది. ట్రైలర్ బ్రేకు ఉండాల్సింది ట్రైలర్ బరువును అది తానే ఆపుకునేంత మేరకు. అంతకంటే తక్కువైతే ట్రైలర్ వ్యానును ముందుకు నెడుతుంది, ఎక్కువైతే వెనక్కి గుంజుతుంది.

ఆ మోతాదు చూసేదే కంట్రోలర్. అది బ్రేకు లైటు తీగ నుంచి 'పెడల్ తొక్కారు' అన్న కబురు మాత్రమే తీసుకుంటుంది. శక్తిని బ్యాటరీ నుంచి నేరుగా తీసుకుని, కొలిచి నీలం తీగలోకి వదులుతుంది. వీటిలో రెండు రకాలున్నాయి. ఒకటి పెడల్ తొక్కినప్పటి నుంచి కాలాన్ని బట్టి బ్రేకును క్రమంగా పెంచుతుంది. మీరు మెల్లగా ఆగుతున్నా, ఎవరో అడ్డం వచ్చి గట్టిగా తొక్కినా దానికి తేడా తెలియదు. రెండోదానిలో వేగం ఎంత త్వరగా తగ్గుతోందో కొలిచే సెన్సర్ ఉంటుంది. వ్యాను ఎంత గట్టిగా ఆగుతోందో ట్రైలర్‌ను కూడా అంత గట్టిగా ఆపుతుంది. ధరలో తేడా ఉన్నా రెండోదే కొనమంటాను. రెండు ఇరుసుల ట్రైలర్‌ను బరువేసి లాగేవారు పొదుపు చేయాల్సిన చోటు ఇది కాదు.

కంట్రోలర్ మీద చేత్తో కదిపే మీట ఒకటి ఉంటుంది. దానితో వ్యాను బ్రేకు ముట్టకుండా ట్రైలర్ బ్రేకు ఒక్కటే వేయవచ్చు. ట్రైలర్ అటూ ఇటూ ఊగడం మొదలుపెడితే వ్యాను బ్రేకు గట్టిగా తొక్కడం కంటే ఆ మీటను కదపడమే మేలు, వెనుక నుంచి పట్టి లాగినట్టుగా ట్రైలర్ సరళరేఖలోకి వస్తుంది. అందుకే కంట్రోలర్‌ను చూడకుండా చేతికి అందే చోట బిగించాలి. మోకాలి ఎయిర్‌బ్యాగు విచ్చుకునే దారిలో మాత్రం పెట్టకూడదు. సెన్సర్ రకమైతే దాని ముఖం వ్యాను నడిచే దిశకు సూటిగా ఉండాలి. వంపు ఎంతవరకు ఫర్వాలేదో దానితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది.

కొనేముందు రెండు అనుమానాలు తీర్చుకోండి. మొదటిది, అవి నిజంగా ఎలక్ట్రిక్ బ్రేకులేనా? కొన్ని ట్రైలర్లకు ముందు కొక్కెంలోనే బ్రేకు యంత్రాంగం ఉంటుంది. వ్యాను వేగం తగ్గగానే ట్రైలర్ ముందుకు తోసుకువచ్చి ఆ ఒత్తిడితోనే దాని బ్రేకులు పడతాయి. వాటికి కంట్రోలర్ అక్కరలేదు. అలాంటి కొన్నింటిలో వెనక్కి నడిపేటప్పుడు బ్రేకు పడకుండా ఆపే కాయిల్ ఒకటి ఉంటుంది, దానికి రివర్సు లైటు కరెంటు ఇస్తారు. దాని తీగను బ్రేకు తీగ అనుకునేవారున్నారు.

రెండోది, నీలం తీగే బ్రేకు తీగ అని మీకు ఎలా తెలిసింది? రంగును బట్టి అయితే ఇక్కడ ఆగండి. ఉత్తర అమెరికాలో ఎక్కువగా వాడే ఏడు చదును పిన్నుల సాకెట్‌లో నీలం బ్రేకుకే వెళ్తుంది. కానీ ఐఎస్‌ఓ 1724 ప్రమాణం ప్రకారం చేసిన ఏడు గుండ్రటి పిన్నుల సాకెట్‌లో నీలం వెనుక ఫాగ్ లైటు తీగ. ఆ సాకెట్‌లో ఎలక్ట్రిక్ బ్రేకుకు కేటాయించిన పిన్నే లేదు. ఒక పద్ధతిలో వైరింగు చేసిన వ్యానుకు మరో పద్ధతి ట్రైలర్‌ను రంగు చూసి కలిపితే, మంచులో ఫాగ్ లైటు వేసిన మరుక్షణం ట్రైలర్ బ్రేకులు పడతాయి. బ్రౌన్ తీగతోనూ ఇదే చిక్కు. ఒకచోట అది పార్కింగు లైటు, మరోచోట కుడి ఇండికేటర్. పైగా పాత ట్రైలర్‌ను మీ ముందు ఎవరెవరు బాగుచేశారో, చేతికి దొరికిన ఏ తీగతో అతికారో చెప్పలేం. కాబట్టి రంగును సూచనగా తీసుకోండి, సాక్ష్యంగా వద్దు. ట్రైలర్ కిందకు దూరి ఆ తీగ వెంటే వెళ్ళి డ్రమ్ము వెనుక పలకలోకి దూరేదాకా చూడండి.

అక్కడిదాకా వెళ్ళారు కాబట్టి మల్టీమీటర్ తీసి ఒక్కో చక్రం దగ్గర కనెక్షను విప్పి అయస్కాంతం నిరోధం కొలవండి. 3 నుంచి 4 ఓమ్‌ల మధ్య ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టు. అసలు సూచిక కదలకపోతే తీగ తెగింది, దాదాపు సున్నా చూపిస్తే లోపల షార్టు అయింది. అయస్కాంతం నుంచి వచ్చే రెండు తీగల్లో ఏ ఒక్కదానికీ బ్రేకు పలక ఇనుముతో సంబంధం ఉండకూడదు. ఒక్క చోటు మాత్రం ప్రత్యేకంగా చూడాలి. చాలా ట్రైలర్లలో ఎడమ చక్రం నుంచి కుడి చక్రానికి బ్రేకు తీగ ఇరుసు గొట్టం లోపలి నుంచి వెళ్తుంది. గతుకుల్లో అది గొట్టం అంచుకు రాసుకుని రాసుకుని ఒకనాడు ఇనుముకు తగులుతుంది. నిలిచి ఉన్నప్పుడు అంతా బాగుంటుంది, గుంతలో పడినప్పుడల్లా షార్టు అవుతుంది. మీ ట్రైలర్ అలాంటిదైతే ఆ తీగను వదిలేసి, ఇరుసు బయట తొడుగులో వేసి కొత్త తీగ లాగండి.

ఇక తీగ మందం. ఎక్కువ మంది బ్రేకులు పోగొట్టుకునేది ఇక్కడే, కనీసం పోగొట్టుకున్నామని వారికి తెలియదు కూడా. మీ వ్యాను బ్యాటరీ నుంచి వెనుక సాకెట్ దాకా 6 మీటర్లు, అక్కడి నుంచి ట్రైలర్ చివరి ఇరుసు దాకా 7 మీటర్లు అనుకుందాం. పోవడానికి 13, తిరిగి రావడానికి 13. ఒక్కో అయస్కాంతం 3.4 ఓమ్‌లు, బ్యాటరీ 12.6 వోల్టులు అనుకుంటే, తీగలో నష్టమే లేనప్పుడు నాలుగూ కలిసి 14.8 ఆంపియర్లు తీసుకోవాలి. ఆ దూరమంతా 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వాడితే వాటికి అందేది దాదాపు 10.9 మాత్రమే. నాలుగో వంతు కరెంటు తగ్గిపోయింది. 2.5 వాడితే 12.2 అందుతుంది. 6 చదరపు మిల్లీమీటర్లది వాడితే 13.6. లైట్లకు 1.5 బాగానే సరిపోతుంది, అందుకే బ్రేకుకు కూడా అదే లాగేస్తారు. దీపం కొంచెం మసకబారితే కంటికి తెలుస్తుంది. బ్రేకు బలహీనపడితే అత్యవసరంగా ఆగాల్సి వచ్చినరోజు దాకా తెలియదు. వ్యానులో నీలం తీగకు, కంట్రోలర్‌కు బ్యాటరీ నుంచి వచ్చే తీగకు, కరెంటు తిరిగి వెళ్ళే తెల్ల ఎర్త్ తీగకు 6 చదరపు మిల్లీమీటర్లే వేయండి. ట్రైలర్‌లో ఉన్నది సన్నదైతే అదీ మార్చండి. కొనేటప్పుడు తీగ చివర కోసి చూడండి, రాగి పూత పూసిన అల్యూమినియం తీగ పైకి అచ్చం రాగిలాగే ఉంటుంది. గీరితే లోపల తెల్లగా కనిపిస్తుంది. అది ఎంత మందమైనా ఈ పనికి తీసుకోకండి.

ఎర్త్ గురించి చెప్పేటప్పటికి మీ మినుకుమినుకు దీపం దగ్గరకు వచ్చాం. తప్పు ఇండికేటర్‌లో లేదు, ఎర్త్‌లో ఉంది. బల్బు దాకా వచ్చిన కరెంటు మళ్ళీ బ్యాటరీకి తిరిగి వెళ్ళాలి. నీళ్ళు ఎంత ధారగా వచ్చినా తూము పూడుకుపోతే తొట్టి నిండి పక్కలకు పొర్లుతుంది కదా, ఇదీ అంతే. పగలు ఒక్క ఇండికేటర్ కరెంటే కాబట్టి తుప్పుపట్టిన ఎర్త్ ఎలాగో నెట్టుకొస్తోంది. రాత్రి పార్కింగు లైట్ల భారం కూడా తోడయ్యేసరికి ఆ దారి చాలడం లేదు. ఇండికేటర్ వెలిగినప్పుడల్లా ఎర్త్ దగ్గర వోల్టేజి లేచి, పక్క బల్బుల ఫిలమెంట్ల గుండా కరెంటు అడ్డదారి వెతుక్కుంటోంది. మీ ట్రైలర్‌కు బహుశా తెల్ల తీగ తిన్నగా కలవకపోయి ఉంటుంది, హిచ్ బంతి ఇనుము మీదుగానే ఎర్త్ అందుతోంది. ఆ బంతికి గ్రీజు పూస్తాం, అది కదులుతుంది, తుప్పు పడుతుంది. దాన్ని కరెంటు దారిగా ఎంచకూడదు.

రూఢి చేసుకోవడం సులువు. ట్రైలర్ లైట్లన్నీ వెలిగించి, మల్టీమీటర్‌ను డీసీ వోల్టుల మీద పెట్టి, ఒక మొన ట్రైలర్ దీపం ఎర్త్ తీగకు, రెండో మొన వ్యాను బ్యాటరీ నెగటివ్‌కు ఆనించండి. పావు వోల్టు లోపు ఉంటే ఎర్త్ బాగున్నట్టు. ఒక వోల్టు దాటితే దారిలో ఎక్కడో తుప్పు ఉంది, లేదా తీగే లేదు. ఈ స్థితిలో బ్రేకులు కూడా కలిపి ఉంటే ఆ 15 ఆంపియర్లూ దీపాల గుండా దారి వెతుక్కునేవి. అందుకే ఎర్త్ బాగుపడేదాకా బ్రేకుల పని మొదలుపెట్టవద్దని చెబుతున్నాను. సాకెట్ తెల్ల పిన్ను నుంచి మందపాటి తీగ లాగి, వ్యాను ఛాసిస్ మీద రంగు గీకి మెరిసే ఇనుము మీద లగ్గుతో (తీగ చివర నొక్కే రంధ్రమున్న లోహపు ముక్కతో) బిగించండి. బిగించాక దాని మీద తుప్పు పట్టకుండా రంగో గ్రీజో పూయండి. ట్రైలర్ వైపు కూడా ప్రతి అయస్కాంతం, ప్రతి దీపం నుంచి తీగతోనే తెల్ల తీగకు కలపండి, ట్రైలర్ ఇనుమును నమ్ముకోవద్దు.

బ్యాటరీ దగ్గర ఒక జాగ్రత్త ఉంది. కంట్రోలర్ ఎర్త్‌ను బ్యాటరీ నెగటివ్‌కే కలపమని చాలా పుస్తకాల్లో ఉంటుంది. వ్యాను కొంచెం కొత్తదై, నెగటివ్ టెర్మినల్ మీద చిన్న ప్లగ్గుతో కరెంటు కొలిచే సెన్సర్ ఉంటే, తీగను ఆ టెర్మినల్‌కు కాక, సెన్సర్ దాటిన తర్వాత నెగటివ్ కేబుల్ ఛాసిస్‌కు కలిసే చోట బిగించండి. లేకపోతే మీరు వాడిన కరెంటు వ్యాను లెక్కకు రాదు, బ్యాటరీ చార్జింగు తప్పుతుంది. పాజిటివ్ వైపు బ్యాటరీకి ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గరగా సర్క్యూట్ బ్రేకర్ పెట్టాలి. బ్రేకర్ దాకా ఉన్న ముక్కకు ఏ రక్షణా ఉండదు కాబట్టి అది ఒక జానెడు మించకపోతే మంచిది. ఎన్ని ఆంపియర్లదన్నది కంట్రోలర్ పుస్తకం చెబుతుంది, చక్రాల సంఖ్యను బట్టి 20 లేదా 30 ఉంటుంది. ఇక్కడ మాత్రం మామూలు ఫ్యూజు కంటే, పోయినా తనంతట తానే తిరిగి కలుసుకునే బ్రేకర్ మేలు. దారిలో ఒక్కసారి ఎక్కడో తగిలినంత మాత్రాన మిగతా ప్రయాణమంతా బ్రేకు లేకుండా పోకూడదు.

కంట్రోలర్ ఎర్ర తీగ బ్రేకు పెడల్ స్విచ్చుకు కలుస్తుంది. స్విచ్చుకు రెండు వైపులుంటాయి. ఒక వైపు ఎప్పుడూ కరెంటు ఉంటుంది, రెండో వైపు పెడల్ తొక్కినప్పుడే వస్తుంది. కలపాల్సింది రెండోదానికి. వ్యాను పాతదని రాశారు కాబట్టి ఇది పనిచేసే అవకాశమే ఎక్కువ. కానీ పెడల్ స్విచ్చు నేరుగా బల్బులను వెలిగించకుండా వ్యాను కంప్యూటర్‌కు సంకేతం మాత్రం పంపే వాహనాలున్నాయి. వాటిలో చూసిన తీగనల్లా కోసి అతకడం మొదలుపెడితే కంప్యూటర్ దెబ్బతింటుంది. మీటర్‌తో చూసినప్పుడు పెడల్ తొక్కితే తిన్నగా 12 వోల్టులు రాకపోతే, ఆ వ్యాను కోసమే తయారీదారు ఇచ్చే ట్రైలర్ వైరింగు కిట్ తెప్పించుకోవడం తప్ప మార్గం లేదు.

లైట్ల విషయానికి వస్తే, మీరు నొక్కిన క్లిప్పులు తీసేయండి. అవి తీగ తొడుగును కోసి రాగిని అందుకుంటాయి, ఆ కోతలోంచే నీరు దిగి కొన్నాళ్ళకు పచ్చటి పొడి పడుతుంది. రోడ్డు మీద చిమ్మే నీటికి ఎదురుగా ఉండే చోట ఇంకా త్వరగా పడుతుంది. వాటి బదులు, లోపల జిగురున్న స్లీవుతో వచ్చే క్రింపు జాయింట్లు వాడి, సరైన క్రింపింగు ప్లయరుతో నొక్కి, వేడిచేసి మూసేయండి. సోల్డరింగు మీద మమకారం ఉన్నవారున్నారు, ఇంట్లో పరికరాలకు అది మంచిదే. కదిలే బండి కింద మాత్రం సోల్డర్ ఆగిన అంచు దగ్గర తీగ పెళుసై అదురుకు తెగుతుంది.

వ్యానులో ఇండికేటర్, బ్రేకు లైటు వేర్వేరు బల్బులై, ట్రైలర్‌లో రెండింటికీ ఒకే ఫిలమెంటు ఉంటే తీగలను ఊరికే కలపడం కుదరదు. మధ్యలో ఆ రెండు సంకేతాలనూ ఒకే తీగలోకి మార్చే కన్వర్టర్ ఉండాలి. అది ఎలాగూ కావాలి కాబట్టి బ్యాటరీ నుంచి సొంత ఫ్యూజుతో శక్తి తీసుకునే రకాన్ని కొనండి. అప్పుడు వ్యాను దీపాల తీగల నుంచి అది సంకేతం మాత్రమే తీసుకుంటుంది, ట్రైలర్ భారం వాటి మీద పడదు. ట్రైలర్‌కు ఎల్‌ఈడీ దీపాలుంటే, ఇండికేటర్ రివ్వురివ్వున కొట్టుకున్నా, బల్బు పోయిందని వ్యాను హెచ్చరించినా కంగారుపడకండి. ఎల్‌ఈడీ తీసుకునే కొద్దిపాటి కరెంటును వ్యాను గుర్తించలేకపోతోంది. ఎల్‌ఈడీకి తగినదని రాసి ఉన్న కన్వర్టర్‌తో అది సర్దుకుంటుంది.

వ్యాను కింద తీగలు లాగేటప్పుడు సైలెన్సర్ గొట్టానికి, తిరిగే షాఫ్టుకు దూరంగా ఛాసిస్ దూలం లోపలి వైపు నుంచి తీసుకెళ్ళండి. ఇనుప రేకులో రంధ్రం దాటే ప్రతిచోటా తీగను అంచు కోయకుండా కాపాడే రబ్బరు గ్రామెట్ ఉండాలి.

ట్రైలర్ తెంచుకుపోయే ప్రమాదానికి కూడా ఒక ఏర్పాటు కావాలి. ట్రైలర్ హిచ్ నుంచి ఊడిపోతే, వ్యానుకు కట్టిన సన్నటి ఉక్కు తాడు ఒక పిన్నును లాగేస్తుంది, ట్రైలర్ మీదే ఉన్న చిన్న బ్యాటరీ నుంచి నిండు కరెంటు బ్రేకులకు వెళ్తుంది. మీ ట్రైలర్‌కు ఈ స్విచ్చు ఉండే ఉంటుంది, దాని బ్యాటరీ ప్రాణంతో ఉందో లేదో చూడండి. అమెరికాలో వాణిజ్య ట్రైలర్లకు, ఇలా పడిన బ్రేకు కనీసం 15 నిమిషాలు నిలవాలన్నది నిబంధన. మీరున్న చోట నియమం ఏదైనా, దాన్ని కొలతగా పెట్టుకోవడం మంచిది. ఆ తాడును వ్యాను ఛాసిస్‌కు కట్టాలి, హిచ్ బంతికి కాదు. బంతే ఊడివస్తే తాడు దానితోపాటే వచ్చేస్తుంది, పిన్ను కదలదు. పరీక్షించడానికి పిన్ను లాగేముందు ట్రైలర్ ప్లగ్గును వ్యాను నుంచి తీసేయండి. లేకపోతే ఆ కరెంటు నీలం తీగ మీదుగా వెనక్కి వచ్చి కంట్రోలర్‌ను పాడుచేయవచ్చు. పరీక్ష అయ్యాక పిన్ను వెంటనే పెట్టేయండి. అయస్కాంతాలు వేడెక్కుతాయి, బ్యాటరీ దిగిపోతుంది.

ఆ చిన్న బ్యాటరీని వ్యాను నుంచి చార్జి చేయాలనుకుంటే వేరే తీగ, వేరే ఫ్యూజు, ఇగ్నిషన్ తిప్పినప్పుడే కలిసే రిలే పెట్టండి. రిలే లేకుండా నేరుగా కలిపితే రాత్రి ట్రైలర్‌లో వెలిగిన దీపం తెల్లారేసరికి వ్యాను బ్యాటరీని ఖాళీ చేస్తుంది.

అంతా బిగించాక ట్రైలర్ తగిలించకుండా ముందు సాకెట్‌నే పరీక్షించండి. ఇక్కడ మల్టీమీటర్ ఒక్కటే సరిపోదు. తుప్పు మధ్య ఒక్క పోగు తగిలి ఉన్నా అది 12 వోల్టులు చూపిస్తుంది. 21 వాట్ల బల్బుకు రెండు తీగలు కట్టి, లైట్ల పిన్నులన్నింటికీ ఒక్కొక్కటిగా తగిలించి చూడండి. ఆ భారాన్ని మోసి నిండుగా వెలిగితేనే ఆ పిన్ను పనికొస్తుంది. తర్వాత ట్రైలర్ తగిలించి, నీలం తీగ మధ్యలో అమ్మీటర్ పెట్టి, కంట్రోలర్‌ను గరిష్ఠానికి పెట్టి మీట నిండుగా నొక్కండి. 12 ఆంపియర్లకు పైన చూపిస్తే నాలుగు చక్రాలూ అందుకుంటున్నాయి. తొమ్మిదో పదో చూపిస్తే ఒక చక్రం పనిచేయడం లేదని అనుమానించండి. చాలా మల్టీమీటర్లలో ఆంపియర్ల గడి పదికే పరిమితం కాబట్టి, తీగ చుట్టూ పట్టే క్లాంపు మీటర్ తీసుకోండి, డీసీ కొలిచేదై ఉండాలి.

మోతాదు సరిచేయడం రోడ్డు మీదే. ట్రైలర్‌లో మామూలుగా వేసే బరువు వేసి, వాహనాలు లేని చదునైన పొడి రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ, వ్యాను బ్రేకు ముట్టకుండా మీట ఒక్కటే నిండుగా నొక్కండి. మోతాదును కొంచెం కొంచెంగా పెంచుకుంటూ, ట్రైలర్ చక్రాలు బిగుసుకునే అంచు దాకా వెళ్ళి, అక్కడి నుంచి కాస్త వెనక్కి తగ్గించండి. ఖాళీగా వెళ్ళేటప్పుడు మళ్ళీ తగ్గించాలి, లేకపోతే ఇందాక రిలే గురించి చెప్పిన జారుడే ఎదురవుతుంది. గరిష్ఠం దాకా పెంచినా చక్రాలు బిగుసుకోకపోతే వెంటనే వైరింగును అనుమానించకండి. కొత్త షూలైతే కొన్నిసార్లు ఆపి ఆపి నడిపితేనే డ్రమ్ముకు సర్దుకుంటాయి. పాతవైతే షూకు, డ్రమ్ముకు మధ్య సందు పెరిగి ఉంటుంది, వెనుక పలక రంధ్రంలోంచి సర్దుబాటు చక్రం తిప్పి దగ్గరకు తేవాలి. బరువుతో మొదటిసారి కొంత దూరం వెళ్ళాక ఆగి, తాకకుండా నాలుగు డ్రమ్ముల దగ్గరా అరచేయి పెట్టి వేడి చూడండి. మూడు వేడిగా ఉండి ఒకటి చల్లగా ఉంటే ఆ చక్రం తీగను, మూడు మామూలుగా ఉండి ఒకటి మరీ మాడిపోతుంటే దాని షూ బిగువును ముందు చూడండి.